ఓడెక్కిన ఇంటిపేరు

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఇద్దరు తెలుగువాళ్లు పరిచయమైతే ఇంటిపేరు, ఊరు అడుగుతారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లలో చాలామంది ఈ రెండింటికీ జవాబు వెతుక్కుంటున్నారు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్లిన ఒప్పంద కూలీల జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఇంటిపేరుకు చోటివ్వలేదు. తర్వాతి తరాలకు తండ్రి పేరో, నాయుడు, రెడ్డి లాంటి పేరు చివరి మాటో ఇంటిపేరైపోయింది.

అందుకే వెతికేవాళ్లు ముందు నంబరు పట్టుకోవాలి. పాత పెళ్లి, మరణ పత్రాల్లో అది దొరికితే ఓడ జాబితాలో ఊరు తెలుస్తుంది. ‘వైజాగపటం’ అని ఉంటే అది మన విశాఖపట్నమే.

మీ పూర్వీకులెవరైనా ఓడెక్కారని ఇంట్లో చెప్పుకుంటుంటే, వాళ్ల ఇంటిపేరు, ఊరు ఇవాళే రాసిపెట్టండి. అవతలి తీరంలోని మీ బంధువులకు అదే ఆధారం.