పెద్దలనాటి బండ్లు: మార్చుకొనుటయా, కాపాడుకొనుటయా?

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



భాషాసంఘ వేదికపై మోటారు సైకిళ్ల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. కాని మన యిండ్లలో తండ్రీ కొడుకుల నడుమ వాదమునకు కారణమగుచున్న వస్తువులలో పాత బండి యొకటి. పెరటి రేకుల క్రింద ముసుగు కప్పియున్న జావానో, బుల్లెట్టునో కుమారుడు బయటికి తీయును. దానిని కోసి క్రొత్త వేషము వేయవలెనని ఆతని ఉబలాటము. నాయనగారి బండిపై చెయ్యి వేయరాదని తండ్రి పట్టుదల. ఈ రెంటికిని నడుమ ఒక మార్గము కలదని మా అభిప్రాయము. దానినే మీకు మనవి చేయుదుము.

మనము తరతరములుగా నివసించుచున్న ఈ కన్నడ సీమకు మోటారు సైకిళ్ల చరిత్రలో మంచి స్థానము కలదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో ఉత్పత్తి ప్రారంభించినది. చెకోస్లొవేకియా నమూనాననుసరించి అచ్చట తయారైన 250 సీసీ జావా బండి 1973 నుండి యెజ్డీ యను పేర వెలువడినది. 1996లో ఆ కర్మాగారము మూతపడినది. ఆ బండిలో గేరు మార్చు కడ్డీనే పైకి త్రిప్పి కిక్కు కొట్టవలెను. 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్టు పేరు నేటికిని నిలిచియున్నది. కాని పాత బుల్లెట్టునకు గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద ఉండెడివి. ఆనాటి పనివారి ఆలోచనయు, నడిపినవారి అలవాటును ఇట్టి అమరికలయందే కనబడును. గ్రంథములలో చదివినంత మాత్రమున అవి తెలియవు. బండి యెదుట నుండవలెను.

అట్లని ఏమియు మార్చరాదనుటయు తగదు. బండి నడచుటకు పుట్టినది. 6 వోల్టుల దీపపు మసక వెలుతురులో నేటి రహదారిపై రాత్రి ప్రయాణము ప్రాణాపాయకరము. 12 వోల్టులకు మార్చుకొనుట వివేకము. ఇప్పటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు గొట్టములను, సీళ్లను అది చెరచును. తగిన క్రొత్తవి వేయించుకొనవలెను. టైర్లు, బ్రేకు షూలు అరిగినచో మార్చక తప్పదు. ఇది బాగుచేయుటయే గాని చెరచుట కాదు.

ఇంకొక సంగతి. పెట్రోలు ఖర్చు భరింపలేక అంబాసిడరు కార్లకు డీజిలు ఇంజను వేయించుకొన్న పెద్దలు పలువురు కలరు. ఆ కారుతోనే వ్యాపారము సాగించిరి, ఆడపిల్లల పెండ్లిండ్లు చేసిరి. నేడు మనము దానిని చూచి, ఇది అసలుది కాదని పెదవి విరుచుట న్యాయము కాదు. ఆ డీజిలు ఇంజనుకూడ ఆ యింటి చరిత్రలో భాగమే.

మరి తప్పు ఎచ్చట నున్నది? వెనుకకు తీసికొనిరాలేని మార్పునందున్నది. ఫ్రేమును కోసి పొట్టిచేయుట, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు అరగదీయుట, అసలు ట్యాంకును పాతయినుము క్రింద తూచి అమ్ముట, ఇవి వెనుకకు రాని మార్పులు. సైలెన్సరు ఊడదీసి చెవులు పగులునట్టి చప్పుడు చేయు గొట్టము బిగించుట వీధిలోని రోగికిని, చదువుకొను బాలునకును బాధ కలిగించు పని. వర్తకులముగా మేము చెప్పగలిగిన మాట యొక్కటి. తూకమునకు అమ్మునపుడు అసలు భాగమునకు ఇనుప ధరయే వచ్చును. మరల కావలసినపుడు సులభముగా దొరకునది నకలు మాత్రమే.

చట్టమునుగూడ పిల్లలకు తెలుపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. 2021లో కేంద్రప్రభుత్వము పాత బండ్లకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఫ్రేము, బాడీ, ఇంజను అసలు రూపమున నున్న సొంత బండ్లకు ‘వీఏ’ అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య లభించును. క్రొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. అది 10 సంవత్సరములు చెల్లును. అట్టి బండిని దినదిన వాడుకకు గాని, వ్యాపారమునకు గాని నడుపరాదు. మైసూరులో తయారైన మొదటి జావాలన్నియు ఇప్పటికే ఈ వయస్సు దాటినవి. నేడు కోసివేసినవాడు ఈ గౌరవమును చేజేత పోగొట్టుకొనును.

మన భాష విషయమును ఇట్లే కాదా? మన యింటి తెలుగులో కన్నడ పదము లెన్నో చేరినవి. అంగడిలోను, బడిలోను, ఇరుగుపొరుగుతోను బ్రతుకు సాగుటకు పెద్దలు చేసికొన్న మార్పు అది. దానికి సిగ్గుపడనక్కరలేదు. కాని పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుట మానివేసినచో, తాతగారి ఉత్తరమును మనుమడు చదువలేడు. ఆ నష్టమును పూడ్చుట మిక్కిలి కష్టము.

కావున సభ్యులకు మూడు మనవులు. మొదటిది: బండిపై పని ప్రారంభించుటకు ముందే అన్ని ప్రక్కలనుండి ఫోటోలు తీసి, ఆర్.సి. పుస్తకముతో భద్రపరుపుడు. రెండవది: విప్పిన ప్రతి అసలు భాగమునకు చీటీ కట్టి, నూనె పూసి, పెట్టెలో దాచుడు, మీకు వలదన్నను మీ మనుమనికి కావలసి రావచ్చును. మూడవది: జావా ఇంజను విప్పి బిగించుట తెలిసిన వృద్ధ మెకానిక్కులు ఇంకను మన పేటలలో కలరు. యువకులు వారియొద్ద కూర్చుండి పని నేర్చికొనవలెను.

మన కుటుంబములలో నున్న పాత బండ్లకు సంఘ కార్యాలయమున ఒక పట్టిక తయారుచేయ సంకల్పించితిమి. బండి పేరు, సంవత్సరము, మొదట కొన్నవారెవరు, చేసిన మార్పులేవి, ఈ వివరములను తెలుగున వ్రాసి పంపగోరుచున్నాము. వ్రాయుటను పిల్లలకే అప్పగింపుడు.