రూపకల్పన వృత్తికి పట్టము వలయునా?



పుస్తకపు అట్ట, పత్రిక శీర్షిక, దుకాణపు బోర్డు, మందుసీసా మీది చీటీ, పెండ్లి శుభలేఖ - వీనిని చూడముచ్చటగను, చదువ సులువుగను దిద్దు పనిని నేడు గ్రాఫిక్ డిజైన్ అనుచున్నారు. పూర్వము కుంచెతో జరిగినది ఇప్పుడు కంప్యూటరుపై జరుగుచున్నది. గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఒక పిల్లవానికి ఈ పనిలో చేయి తిరిగినచో తండ్రికి సందేహము పుట్టును: కళాశాలకు పంపవలయునా, ఫ్లెక్సీ దుకాణమున పనికి కుదుర్చవలయునా? అర ఎకరము అమ్మి జీతము కట్టు కుటుంబమున కిది చిన్న ప్రశ్న కాదు.

చిత్రకళాపట్టము లేక రాణించినవారు మన సీమలోనే కలరు. భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్యగారు వజ్రములను, ప్రత్తిని పరిశోధించినవారు. చిత్రకారవృత్తి వారిది కాదు. 1916లో జాతీయ పతాకమునకు పలు నమూనాలతో ఆంగ్లమున ఒక పుస్తకము వెలువరించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల సందర్భమున వారు ఎరుపు, ఆకుపచ్చ వన్నెలతో కూర్చిన పతాకమునకు గాంధీగారి సూచనపై తెలుపు చేరినది. 1931లో వన్నెలు మారినవి. 1947 జూలై 22న రాట్నపుచోట చక్రము నిలిచినది. తన గీతను పదిమంది దిద్దగా ఓర్చుకొనుట ఈ వృత్తికి మొదటి గుణము; దానికి ఏ కళాశాలయు పట్టమీయదు.

బాపుగారు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున పొందినది న్యాయశాస్త్రపట్టము. వారి చేవ్రాతయే నేడు కంప్యూటరులో ఒక అక్షరశైలియై వారి పేరనే చెల్లుచున్నది.

ఇంతమాత్రమున బడియే వలదనుట తొందరపాటు. అడివి బాపిరాజుగారును న్యాయశాస్త్రము చదివినవారే; అయినను చిత్రకళకై బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీగారి శిష్యులైరి. 1910లో వెలసిన ఆ కళాశాల చేతిపనిని కూడ చదువుగనే యెంచినది.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారిని చూడుడు. కాగితముపై గీసిన నమూనాను టేకుచెక్కపై దింపి, రూపురేఖల కొక అచ్చు, లోపలి రంగులకు వేరువేరు అచ్చులు చెక్కుదురు. వెంట్రుకవాసి తప్పినను రంగు గీత దాటిపోవును. ఇక అద్దకమువారి సంగతి. కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరవేసిన బట్టపై, ఇనుపతుప్పును బెల్లముతో ఊరవేసిన నీరు తగిలినచోట నలుపు తేలును. పటిక అద్దినచోట ఎరుపు అప్పుడే పుట్టదు. పూర్వము చిరివేరుతో ఉడికించిన పిదపనే పుట్టెడిది. కంటికి కనబడని వన్నెను ముందుగ మనసున చూడగలుగుట వారి విద్య. ఏండ్ల తరబడి పెద్దల ప్రక్క కూర్చుండి నేర్చినది. దీనికి పట్టము లేదని దీనిని చదువు కాదనుట అన్యాయము.

తెలుగక్షరముల పనియు నట్టిదే. తలకట్టు, గుడి, క్రింది ఒత్తు ఒకదాని నొకటి ఒరయకుండ అమర్చు నేర్పు ఆంగ్లాక్షరముల పాఠములలో దొరకదు. ఒత్తులూడిన ఫ్లెక్సీలను చూచినవారికి ఈ కష్టము తెలియును. కొందరు నాయకులు తమ పేరు తామే పోల్చుకొనలేరు! దివిసీమ ప్రజలు అవనిగడ్డనుండి శాసనసభకు పంపిన మండలి వెంకటకృష్ణారావుగారి పేర సిలికానాంధ్ర విడుదల చేసిన ‘మండలి’ అక్షరశైలి ఉచితముగ లభించును. పిల్లలు దానిని పెద్దది చేసి, ఒక్కొక్క వంపును పరిశీలింపవచ్చును.

అహ్మదాబాదున 1961లో నెలకొన్న జాతీయ రూపకల్పన సంస్థ వంటిది 2015 నుండి ఆంధ్రప్రదేశమునను కలదు. అట్టిచోట ప్రవేశము దొరికిన పిల్లవాని నాపరాదు. గురువుల దిద్దుబాటు, సాటివారి విమర్శ ఒంటరిగ కూర్చున్నవానికి సులభముగ దొరకవు. ప్రభుత్వోద్యోగమునకు, అధ్యాపక పదవికి పట్టము తరచు అడుగుదురు. ముద్రణాలయమువాడును, వర్తకుడును మాత్రము ముందుగ చేసిన పనినే చూపుమందురు. కంప్యూటరు మీటలు మాత్రమే నేర్పు పేరులేని సంస్థకు పొలమమ్మి జీతము కట్టుట వేరుమాట. తండ్రి అచటికి స్వయముగ పోయి, నిరుటి విద్యార్థులు చేసిన పనులను చూపుమని అడుగవలెను. ఈలోపల పిల్లవాడు ఇంటనుండియే పది పుస్తకములకు అట్టలు వేసి చూపవలెను. బేరము మాట ఆ తరువాత.