పీట్ నేలలు - నీటి మట్టము - నష్టమెవరిది?

(సంఘ మాససభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏదేని శాస్త్ర విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము శాస్త్రజ్ఞులము కాము, వర్తకులము. అసలు, ఆదాయము, వ్యయము అనునవి మాకు తెలిసిన మాటలు. ఉత్తర ఐరోపా దేశములలోని ఒక జాతి నేలల కథ ఆ మాటలలోనే చెప్ప వీలగును గావున, నేడు దానిని మనవి చేయుచున్నాము.

వానిని పీట్ నేలలందురు. చలి దేశములలో ఎల్లప్పుడును నీరు నిలిచియుండు పల్లములందు, చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు. నీటి క్రిందికి ప్రాణవాయువు చాలినంత చేరకపోవుటయే అందుకు కారణము. నాచు, వేళ్లు, ఆకులు వేల ఏండ్లు పొరలు పొరలుగా పేరుకొని నల్లని మెత్తని నేల యగును. ఆ నేల ఏటికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. భూభాగములో ఇట్టి నేలలు నూటికి మూడు పాళ్లే యైనను, లోకములోని అడవుల చెట్లన్నిటిలో నున్నదానికంటె అధికమైన కర్బనము వీనిలో నిలువయున్నది. ఇది అసలు.

అచ్చటి పూర్వులు కాలువలు త్రవ్వి, గాలిమరలతోను తరువాత యంత్రములతోను నీటిని తోడివేసి, ఈ నేలలను పచ్చిక బయళ్లుగను కూరగాయల పొలములుగను మార్చిరి. అది ఆకలి తీర్చిన పని, దానిని నిందింపరాదు. కాని నీరు తొలగినంతనే గాలి లోపల ప్రవేశించును. ఇన్నాళ్లు కుళ్లక నిలిచినది కుళ్లనారంభించి, కర్బనము బొగ్గుపులుసు వాయువై ఆకాశమున కలియును. నేల ఏటికి ఒక సెంటీమీటరు వరకు, కొన్నిచోట్ల అంతకు మించియు, క్రుంగును. అనగా పదేండ్ల ఆదాయము ఒక్క ఏట వ్యయమగుచున్నది. ఏ దుకాణము ఇట్లు నిలుచును?

ఇంగ్లండులోని హోమ్ ఫెన్ అనుచోట 1851లో ఒక ఇనుప స్తంభమును, కొన నేలమట్టముతో సమముగా నుండునట్లు, పాతిరి. ఆ ప్రక్క నున్న పెద్ద సరస్సును ఎండగట్టిన కాలమది. నేడు ఆ కొన నేలకు సుమారు నాలుగు మీటర్ల ఎత్తున నున్నది. స్తంభము పెరుగలేదు, నేల క్రుంగినది.

నెదర్లాండ్సు పడమటి భాగమున పాడిరైతులదియు ఇదే చిక్కు. నేల క్రుంగిన కొలది తడి పైకి వచ్చును. కాలువలోని నీటిని మరల దింపుదురు. నేల మరల క్రుంగును. కొయ్య స్తంభములపై కట్టిన పాత ఇండ్లకు, ఆ స్తంభముల తలలు గాలి తగిలి పుచ్చిపోవుటచే, పునాది చెడుచున్నది.

దీనికి ఉపాయము నీటిని కొంత పైకి తెచ్చుట. బ్రిటనుకు చెందిన క్రిస్ ఎవాన్సు మొదలగు శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము, భూమిలోని సగటు నీటిమట్టమును 10 సెంటీమీటర్లు పెంచిన యెడల, హెక్టారు ఒక్కింటికి ఏటా కనీసము 3 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన హాని తగ్గును. నీరు నేలకు 30 సెంటీమీటర్ల లోతునకు వచ్చువరకు ఈ లెక్క చెల్లును. ఇంకను పైకి తెచ్చినను మేలే. కాని 10 సెంటీమీటర్లకంటె దగ్గరకు వచ్చినచో మీథేను వాయువు ఎక్కువగా పుట్టసాగును. మన వరిమడులలో నీరు నిలిచినపుడు పుట్టునదియు అదియే. మీథేను కొలది ఏండ్లలో హరించును గాని, ఉన్నన్నాళ్లు మిక్కిలి వేడి నిలుపును. కావున పొలమును ముంచివేయుట కాదు, మట్టమును కొలతతో నిలుపుట ముఖ్యము.

ఇక అసలైన ప్రశ్న: నష్టమెవరిది? నేల తడిసినచో ఆవు గిట్టలు దిగబడును, ట్రాక్టరు నడువదు, పచ్చిక తగ్గును. వాయువు తగ్గుటవలన కలుగు మేలు లోకమునకెల్ల. కలుగు నష్టము ఆ ఒక్క రైతునకు. పైగా ఒక్కడు తలచినంత మాత్రమున ఇది కాదు. ఒక చెరువు ఆయకట్టు రైతులు తూము విషయమున ఒక మాటపై నిలువవలసినట్లే, ఒక కాలువ మట్టము చుట్టునున్న పొలములకెల్ల ఒక్కటియే. నెదర్లాండ్సులో నీటిమట్టమును నిర్ణయించుటకు వందల ఏండ్లనుండి నీటి మండలులున్నవి. 2019 నాటి ఒప్పందమున ఆ దేశము, 2030 నాటికి ఈ పచ్చిక నేలలనుండి ఏటా వెలువడు హానిని పది లక్షల టన్నుల మేర తగ్గింప లక్ష్యముంచుకొన్నది.

జమ్ము, కిక్కస వంటి తడినేల మొక్కలను పెంచి ఇంటి గోడలకు చలి తగులకుండు పలకలుగను, పైకప్పుగను వాడు ప్రయత్నములు జర్మనీ మొదలగు దేశములలో జరుగుచున్నవి. ఇవి మనమెరిగిన మొక్కలే. కాని వర్తకులుగా మేమొక మాట చెప్పగలము: కొనువాడు లేని పంటను ఏ రైతును వేయడు. ముందు అంగడి ఏర్పడవలెను. అది ఏర్పడువరకు, తన పొలమున నీరు నిలిపి అందరికిని మేలు చేయు రైతునకు ఆ సొమ్మును అందరును చెల్లింపవలెను. అది దానము కాదు, బాకీ.