ఆట మారాక చేతిలో మిగిలేది

ఆసియా పసిఫిక్ దేశాల ఇంజనీరింగ్ విద్యార్థులు తలపడే ఏబీయూ రోబోకాన్ పోటీ 2002లో టోక్యోలో మొదలైంది. ఆతిథ్య దేశం ఏటా కొత్త ఆట పెడుతుంది. 2008లో పుణెలో ఉట్టి మీది వెన్న అందుకునే ఆట, 2022లో ఢిల్లీలో మనందరం చిన్నప్పుడు ఆడిన ఏడు పెంకులాట. వెన్న అందుకున్న రోబో పెంకులు పేర్చలేదు. కాబట్టి ప్రతి జట్టూ ఏటా మొదటి నుంచి కట్టుకోవలసిందే. మరి పాత జట్టు శ్రమలో కొత్తవారికి దక్కేదేమిటి? ఏది ఎందుకు పాడైందో రాసిపెట్టిన నోటుబుక్కే అని నా నమ్మకం.

ల్యాబ్‌లో చక్కగా నడిచిన రోబో మైదానంలో మోటార్లన్నీ ఒక్కసారి తిరగబోగానే నిలిచిపోతుంది. కదిలే తొలి క్షణంలో మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతుంది. ప్రోగ్రాం రాసినవారు కోడ్ తిరగేస్తారు, మిగతావారు బ్యాటరీని అనుమానిస్తారు. తీరా చూస్తే వదులుగా ఉన్న ఒక కనెక్టర్! ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసిపెడితే వచ్చే ఏడాది జూనియర్లకు ఒక రాత్రి నిద్ర దక్కుతుంది.

డబ్బున్న కాలేజీలే గెలుస్తాయని కొందరంటారు. అందులో నిజముంది. మంచి మోటార్లు కొనలేని జట్టు వెనకబడుతుంది, ఆ ఖర్చు కాలేజీలు భరించాలి. రాసిపెట్టే అలవాటుకు మాత్రం ఆ అడ్డు లేదు. చదును నేల మీది ఆటకూ జహీరాబాద్ అల్లం చేనుకూ పొంతనేమిటని ఇంకొందరు అడుగుతారు. గట్టి ప్రశ్నే. బురదలో చక్రం కూరుకుపోతే గీతలు గీసిన మైదానం నేర్పిన చదువు చాలదు. కానీ చేనులో తేమ, దుమ్ము, ఎండ, నడిపేవారి తీరు అన్నీ కలిసే వస్తాయి. ఒక్కోదాన్నీ విడిగా మార్చి చూసే పద్ధతి ముందు మైదానంలో అలవడితేనే అక్కడ తప్పు దొరుకుతుంది. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు మన జహీరాబాద్. బండి ఆగిపోయిందని రైతు ఒక్క మాటే చెబుతాడు. ఎప్పుడు ఆగింది, ఎంత బరువు మీద, ముందు రోజు ఏం మార్చారు అని ఓపికగా అడిగి రాసుకునేవారు ఇక్కడ కావాలి.

పట్టా తీసుకుని వెళ్లే ముందు మీ ప్రాజెక్టులో తెగిన తీగ, విరిగిన గేరు, పనిచేయని కోడ్ అన్నిటి వివరాలూ తేదీలతో రాసి మూడో సంవత్సరం విద్యార్థుల చేతిలో పెట్టండి.