బండలాగుడు బరిలో ఎద్దును చూడటం నేర్చుకుందాం
(సంఘం యువ రైతుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి వచ్చినా, ఊరి తిరునాళ్ళ వచ్చినా మన జిల్లాల్లో బండలాగుడు పోటీలు మొదలవుతాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సేద్యం, సీనియర్స్ అంటూ విభాగాలు పెడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. మనమూ గట్టు మీద నిలబడి ఈలలు వేస్తాం. ఈరోజు మాత్రం గెలుపు సంగతి పక్కనపెట్టి, ఎద్దును ఎలా చూడాలో మాట్లాడుకుందాం. సంతలో లక్షలు పోసేది మన చెమట డబ్బే కదా.

ముందు నోరు చూడాలి. ఎద్దుకు పైదవడ ముందు పళ్ళు ఉండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు ఊడి జతలు జతలుగా పెద్ద పళ్ళు వస్తాయి. రెండు పళ్ళంటే సుమారు రెండున్నరేళ్ళు, ఎనిమిదీ వచ్చి నోరు కట్టిందంటే అయిదేళ్ళకు అటూ ఇటూ. అమ్మేవాడి మాట కంటే ఈ లెక్క నమ్మకం.

తర్వాత కాళ్ళు. చాలామంది మూపురం, గంగడోలు, తెల్లటి మెరుపు చూసి మురిసిపోతారు. అవి ఒంగోలు జాతి లక్షణాలే, కాదనం. కానీ బరువు మోసేది కాళ్ళు. ఎదురుగా నిలబడి చూస్తే ముందు కాళ్ళు స్తంభాల్లా నిటారుగా ఉండాలి, రొమ్ము వెడల్పుగా ఉండాలి. వెనక నుంచి చూస్తే మడమ కీళ్ళు ఒకదానికొకటి రాసుకోకూడదు. గిట్టలు గట్టిగా, రెండు చీలికలూ సమానంగా ఉండాలి. నడుము కుంగి ఉండకూడదు. ఒకసారి నడిపించి చూడండి. ముందు గిట్ట పడ్డ చోటే, లేదా దాని దగ్గరగా, వెనక గిట్ట పడితే ఆ నడక మంచిది.

మూపురం ముందు మెడను చేత్తో తడమండి. పాత కాడిపుండు మచ్చ ఉంటే చెయ్యి పడగానే ఎద్దు జంకుతుంది. జత కట్టేటప్పుడు ఎత్తు, నడక వేగం రెండూ కలవాలి. దాపటిది ముందుకు, వలపటిది వెనక్కి ఉంటే కాడి వంకరపోయి మెడలు ఒరుసుకుంటాయి. ఇక సుళ్ళంటారా? తాతల నాటి నమ్మకం. సుడి నాగలి లాగదు.

ఒక తేడా గమనించండి. పొలంలో గంటల తరబడి పనిచేసే ఎద్దు నిలకడగా లాగగలిగేది తన బరువులో సుమారు పదో వంతు. 500 కిలోల ఎద్దు అయితే దాదాపు 50 కిలోల లాగుడు. పోటీలో బండ లాగేది కొద్ది నిమిషాలు, అంతకు ఎన్నో రెట్ల బలంతో. అందుకే బరిలో గెలిచిన జత అంతా దుక్కికి మేలైనదని అనుకోవద్దు. నల్లరేగడిలో నాగలి లాగే ఎద్దుకు కావాల్సింది ఓర్పు, సాధు స్వభావం. ఒంగోలు ఎద్దుకు పేరు తెచ్చింది ఈ గుణాలే. ఈ జాతిని తీసుకెళ్ళిన బ్రెజిల్ దానికి 'నెల్లోర్' అని పేరు పెట్టుకుని కోట్ల సంఖ్యలో పెంచుకుంది. మన గడ్డ మీద పుట్టిన జాతి మన దొడ్లలోనే పలుచబడుతోంది.

కారణం మనకు తెలిసిందే. ట్రాక్టరు వచ్చింది, మేత బీళ్ళు పోయాయి, జతను సాకే ఖర్చు సన్నకారు రైతుకు, కౌలు రైతుకు అందనంత పెరిగింది. ఎద్దు డబ్బున్నవారి దొడ్డిలో ప్రతిష్ఠగా మిగిలిపోతే జాతి నిలవదు. అది సేద్యంలో ఉండాలి.

కాబట్టి పోటీలు నిర్వహించే మన ఊళ్ళ పెద్దలను నాలుగు కోరదాం. సేద్యం విభాగానికి మిగతా వాటితో సమానంగా బహుమతి పెట్టాలి. బరిలోకి దిగే ముందు పశువైద్యుడు గిట్టలు, మెడ, శ్వాస చూడాలి. ముల్లుకర్రతో పొడిచినా, తోక మెలిపెట్టినా ఆ జతను తప్పించాలి. పశువులను హింసించడం 1960 చట్టం ప్రకారం నేరమని మైకులో చెప్పాలి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండు: మేలైన ఒంగోలు ఆబోతుల వీర్యం పల్లె పశువైద్యశాలలో అందాలి, పచ్చిమేత సాగుకు సాయం కావాలి.

వచ్చే పోటీకి మీరంతా వెళ్ళండి. ఈలలు వేయండి. దాంతోపాటు కాళ్ళూ, గిట్టలూ, మెడా చూసి, పక్కనున్న కుర్రవాడికి ఒక్క విషయమైనా చెప్పి రండి.