మూకచిత్ర నాయకుడు పైడి జైరాజు

(పలమనేరు వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలచే శబ్దములను, శ్లోకములను వల్లె వేయించిన మేము నేడొక చలనచిత్ర నటుని జీవితమును ప్రసంగవిషయముగా గైకొనుట కొందరికి వింతగా దోపవచ్చును. నటనయు నొక విద్యయే యనియు, దానికిని గురువు, అభ్యాసము, నియమము కావలయుననియు మనవి చేయుటకే ఈ విషయము నెన్నుకొంటిమి. ఆ నటుడు పైడి జైరాజు. ఆయన కులగోత్రములను విచారించుట మా యుద్దేశము కాదు. ఆయన తెలుగువాడు, అంతియే చాలును.

జైరాజు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన నాటి నిజాము రాజ్యమునందలి కరీంనగరమున జన్మించెను. హైదరాబాదున నిజాం కళాశాలయందు చదివెను. ఇరువదియేండ్ల ప్రాయమున బొంబాయి చేరెను. చదువుకొన్న యువకుడు ఉద్యోగమునకు గాక వేషములకు పోవుట ఆ దినములలో ఏ కుటుంబమునకును గౌరవముగా దోచెడిది కాదు.

అప్పటి చలనచిత్రములకు నోరు లేదు. 1913లో దాదాసాహెబు ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' చిత్రమును ప్రదర్శించినది మొదలు 1931వ సంవత్సరము వరకు మన దేశపు చిత్రములన్నియు మూకచిత్రములే. మన తెలుగువారును ఆ కృషిలో వెనుకబడలేదు. రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు సూర్యప్రకాశుగారును మదరాసున 1921లో 'భీష్మప్రతిజ్ఞ'ను నిర్మించిరి. సూర్యప్రకాశుగారే భీష్ముని వేషమును ధరించిరి. ఈ చిత్రములయందు మాటలకు బదులు నడుమనడుమ అక్షరముల పలకలు తెరపై కనబడెడివి; ఒక్కొక్క పలకపై రెండు మూడు భాషలును ఉండెడివి. అక్షరజ్ఞానము లేనివారికొరకు ఒకడు నిలిచి బిగ్గరగా చదివి చెప్పెడివాడు. తెరప్రక్క హార్మనీ, తబలా వాయించెడివారు. తెలుగు, అరవము, కన్నడము, ఉర్దూ నాలుగును ఒక్క సంతలో వినవచ్చు మన పలమనేరు వంటి యూరివారికి ఇట్టి యేర్పాటులోని సౌకర్యము వేరుగా జెప్పనక్కరలేదు.

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములని భరతముని శాస్త్రము. మూకచిత్రము వీనిలో వాచికమును హరించినది. మిగిలిన మూటితోనే నటుడు రసమును పోషింపవలయును. కంటిచూపు, కనుబొమ్మ, నడక, నిలుకడ, ఇవియే ఆతని మాటలు. నాయకుడైనవాడు గుఱ్ఱమెక్కవలయును, కత్తి త్రిప్పవలయును, ఎత్తుననుండి దుముకవలయును. దేహదార్ఢ్యము లేనివానికి ఆ రంగమున స్థానము లేదు.

జైరాజునకు ఆ దార్ఢ్యమే తొలి మూలధనమయ్యెను. 1929లో 'జగ్‌మగాతీ జవానీ' యను చిత్రమున ఆయన చిన్న వేషముతో ప్రవేశించెను; నాయకపాత్రధారికి బదులుగా సాహసకృత్యములను తానే చేసెను. పేరు మరియొకనిది, దెబ్బలు తనవి. అట్టి పనిని చిన్నతనముగా దలపక చేసినందుననే అనతికాలమున 'రసీలీ రాణీ'యందు నాయకుడయ్యెను. తరువాత పలు మూకచిత్రములలో ప్రధాన భూమికలను ధరించెను.

1931వ సంవత్సరము మార్చి 14వ తేదీన బొంబాయిలో 'ఆలం ఆరా' ప్రదర్శితమై చిత్రములకు నోరు వచ్చెను. మరుసటి యేడు మన 'భక్తప్రహ్లాద' వెలువడెను. ఈ మార్పు అనేక నటులకు గండమయ్యెను. అందము కలదు, ఉచ్చారణ లేదు. ఖ్యాతి కలదు, భాష రాదు. మూకచిత్రములలో రాణివలె వెలిగిన సులోచన సయితము హిందూస్తానీని శ్రద్ధతో నేర్చుకొనవలసివచ్చెను. జైరాజు ఉర్దూ రాజభాషగా నున్న రాజ్యమున పెరిగి, చదువుకొన్నవాడు. 'షికారి' మొదలుగా మాటాడు చిత్రములలోను నాయకుడుగానే నిలిచెను. బాల్యమున చెవినిబడిన పరభాష యొకటి ఆపత్కాలమున అన్నము పెట్టినది. పిల్లలకు ఇరుగుపొరుగు భాషలు వచ్చుటను దోషముగా నెంచు తలిదండ్రులు దీనిని గమనింతురు గాక.

బాంబే టాకీసువారి 'భాభీ' (1938), దేవికారాణి కడపటి చిత్రమైన 'హమారీ బాత్' (1943) ఆయన ప్రసిద్ధికి తార్కాణములు. 1945లో 'ప్రతిమా' చిత్రమునకు దర్శకత్వము వహించెను. అందు నాయకుడు అప్పటికి కొత్తవాడైన దిలీపుకుమారుడు. 'అమర్‌సింగ్ రాఠోడ్', 'వీర దుర్గాదాస్' వంటి చారిత్రక చిత్రములలో రాజపుత్ర వీరుల పాత్రలకు ఆయన పేరువడెను. వయసు మీరిన పిదప 'షోలే' (1975) వంటి చిత్రములలో చిన్న పాత్రలను సయితము కాదనలేదు. నాయకుడుగా వెలిగినవాడు ప్రక్క పాత్రకు దిగుట యెంత వినయమో యోచింపుడు. 1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము ఆయనను వరించినది. 2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన బొంబాయిలో పరమపదించెను. హైదరాబాదు రవీంద్రభారతిలో ఒక చిన్న ప్రదర్శనశాలకు ఆయన పేరు పెట్టియున్నారు. ఆయన కృషి హిందీ చిత్రములయందే సాగినందున మన యిండ్లలో ఆయన పేరు వినబడుట అరుదు.

మరియొక విచారము కలదు. మన దేశమున తీయబడిన మూకచిత్రములు వేయికి మించును. అందు నేడు మిగిలినవి బహు స్వల్పము. నాటి ఫిలుము త్వరగా అంటుకొనునది, త్వరగా చివుకునది. దానిలోని వెండికొరకు కరగించినవారును కలరు. 'భీష్మప్రతిజ్ఞ' నేడు చూడ దొరకదు. కావ్యము నశించినను వ్యాఖ్యానమున పద్యము మిగులును. చిత్రము నశించిన నటుని కంటిచూపు మరల రాదు.

ఇక మన విషయము. మన జిల్లాలో ధర్మరాజు గుళ్లయందు పదునెనిమిది దినములు భారతము జరుగును. అర్జున వేషధారి తపస్సుమాను ఎక్కునప్పుడు క్రింద తడిబట్టలతో సంతానార్థినులు సాగిలపడుదురు. ఆ రాత్రి ఆతడు మనకు సాక్షాత్తు అర్జునుడే. తెల్లవారినపిమ్మట ఆ వేషధారికే పిల్లనిచ్చుటకు వెనుదీయుదుము. నాట్యమును పంచమవేదమని పొగడిన శాస్త్రమే భరతపుత్రులు ఋషిశాపమున పాటు దప్పిరనియు జెప్పినది. పొగడ్తను గ్రంథమున ఉంచి, శాపమును మాత్రము మనము ఆచరణలో బెట్టుకొంటిమి.

మా శిష్యులలో ఒక బాలుడుండెను. అభిమన్యుని వేషము కట్టినచో ముసలివారు సయితము కంట తడిపెట్టెడివారు. వంశమునకు తలవంపులని తండ్రి మానిపించెను. నేడాతడు బెంగుళూరున ఒక గిడ్డంగిలో లెక్కలు వ్రాయుచున్నాడు. ఆ పని తక్కువదని మేమనము. కాని ఆ అభిమన్యుడు మరల మాకు కనబడలేదు.

చిత్తూరి రామవిలాస సభవారి నాటకములలో పేరొంది, ఆ యూరి పేరునే ఇంటిపేరువలె ధరించిన నాగయ్యగారు మనకు దూరపువారు కారు. ఆ సభ లేనిచో ఆ చిత్తూరు నాగయ్య యెక్కడ? నటుని పుట్టించునది తల్లియైనను, నిలబెట్టునది సంఘము.

కావున పోషకులకు మా విన్నపములు రెండు. ఏటేట విద్యార్థులకిచ్చు వేతనములలో ఒక్కదానిని నటన, సంగీతము, ఛాయాగ్రహణము అభ్యసింపదలచు బాలునకో బాలికకో ప్రత్యేకింపుడు. పూనాలో 1960లో స్థాపితమైన చలనచిత్ర విద్యాలయము వంటివానిలో ప్రవేశము కఠినము, వ్యయము అధికము. పేద బిడ్డకు ఆసరా లేక సాధ్యము కాదు. రెండవది, మన పల్లెలలో వేషములు గట్టిన వృద్ధుల పేర్లు, పటములు, వారు నేర్చిన పద్ధతులు వారుండగానే వ్రాయించి భద్రపరుపుడు.

అందరు పిల్లలును జైరాజులు కాజాలరు. చదువు మాని వేషములకు పొమ్మనియు మేము చెప్పము. చదువుతోబాటు కళయున్న బిడ్డను మాత్రము అడ్డగింపకుడు. 

శుభం భూయాత్.