కడుపునొప్పి వెనక సంగతి



బెలుం గుహల మీద నడిస్తే చదును నేలే. కింద 3,229 మీటర్ల గుహ ఉందని తెలియదు. కొందరు పిల్లలూ అంతే.

మా నాయన హత్య తర్వాత, ఏడో తరగతిలో, నాకు రోజూ కడుపునొప్పి. పరీక్షలు చేసి ‘ఏమీ లేదు’ అన్నారు. మన సారొకరు పక్కన కూర్చొని, ‘ఏం జరిగింది నాయనా?’ అని అడిగారు. ఆ రోజే మొదటిసారి నోరు విప్పాను.

చిన్ననాటి గాయాలు ఎక్కువయ్యేకొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు ముప్పూ ఎక్కువవుతుందని 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం చూపింది.

పిల్లల డాక్టరుగా ఇప్పుడు బరువు, ఎత్తు చూశాక నేనూ అదే అడుగుతాను. విని వదిలేయను; మళ్లీ రమ్మంటాను, కౌన్సెలరుకు చూపిస్తాను, అవసరమైతే 1098కి ఫోన్ చేస్తాను.

డాక్టర్లయిన మన బడి పిల్లలారా, మీరూ అడగండి.